మాత్ర ఆపిన నాలుగు రోజులు

మా అక్క నా కూతురి మందు ఆపేసింది. గురువారం నుంచి ఆదివారం దాకా, నాలుగు రోజులు. ఇందులో వాదించడానికేమీ లేదు. తను కూడా కాదనలేదు.

తాండూరు పార్సిల్ ఆఫీసులో పదిహేను రోజుల రిలీఫు డ్యూటీ ముగించుకుని సోమవారం మధ్యాహ్నం నాంపల్లిలో దిగాను. స్టేషన్ వెనక సందులో నాలుగు వాటాల లోగిలి, అందులో చివరి వాటా మాది. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. మా అక్క సుబ్బరత్నం చెంబుతో నీళ్ళు పట్టుకుని గడప ముందు నిలబడి ఉంది. కాళ్ళు కడుక్కోమంది. పొరుగూరి నుంచి వచ్చినవాడు తిన్నగా లోపలికి రాకూడదంది.

కామాక్షి ఏదని అడిగాను.

"గట్టిగా మాట్లాడకు. తల్లి ఇంట్లో ఉంది," అంది.

చెంబు పక్కకు నెట్టి లోపలికి వెళ్ళాను.

కామాక్షి చాప మీద, వేపాకుల మధ్య పడుకుని ఉంది. దానికి తొమ్మిదేళ్ళు. మాత్రల వల్ల మొహం ఏడాదిగా ఉబ్బి ఉండేది. బళ్ళో పిల్లలు బూరెబుగ్గలని ఏడిపిస్తే వచ్చి నాతో చెప్పేది. ఇప్పుడు ఆ బుగ్గల నిండా నీటి పొక్కులు. మెడ మీద, చేతుల మీద, కనురెప్పల మీద కూడా.

కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"కాళ్ళు కడుక్కున్నావా నాన్నా?"

కడుక్కున్నానన్నాను.

గూట్లో చూశాను. మాత్రల సీసా లేదు. ఆ సీసా ఉండే చోట పసుపు కలిపిన వేపముద్ద ఉంది.

ఏడాదిన్నర కిందట కామాక్షికి కామెర్లు వచ్చాయి. అందరికీ వచ్చినట్టు వచ్చి పోలేదు. లివరు వాచింది. కడుపు పెరిగింది. పసరు పోయించాం, కంటికి కాటుక పెట్టించాం, దేనికీ లొంగలేదు. చివరికి ఆబిడ్స్‌లో డాక్టరు శ్రీపతి చిన్న తెల్ల మాత్రలు మొదలుపెట్టాక కళ్ళలో పసుపు పోయింది. ఆయన మూడు సంగతులు చెప్పాడు. మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు. రోజూ మూడుసార్లు జ్వరం చూసి పుస్తకంలో రాయాలి. ఇంట్లో గాని పక్కింట్లో గాని ఎవరికైనా పొక్కులు పోస్తే ఆ రోజే వచ్చి చెప్పాలి. మూడోది చెప్పేటప్పుడు నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు.

సీసా ఎక్కడుందని అక్కను అడిగాను.

"నా పెట్టెలో ఉంది."

"తాళం ఇయ్యి."

"ఇవ్వను."

తల్లి ఉన్న ఇంట్లో అరవకూడదు. తాలింపు వేయకూడదు, తల దువ్వకూడదు, జ్వరమన్న మాట అనకూడదు. అందుకని మా పోట్లాట అంతా గుసగుసల్లోనే జరిగింది. బయటినుంచి ఎవరైనా వింటే అక్కాతమ్ముళ్ళు ఏదో ఇంటి సంగతి చెప్పుకుంటున్నారనుకుంటారు.

"ఎన్ని రోజులైంది ఆపి?"

"గురువారం పొద్దున కనబడింది. అప్పుడే ఆపాను. ఆపక? తల్లి ఒంటి మీద ఉండగా మందు మింగిస్తారట్రా ఎవరైనా? పశువుల్ని కాసేవాడికి కూడా తెలుసు ఆ మాత్రం."

"డాక్టరు ఏం చెప్పాడు?"

"డాక్టరుకేం తెలుసు. నా ఇద్దర్నీ సూది వేయించి చంపుకున్నాను. నాకు తెలుసు."

ఆ సంగతి నాకూ తెలుసు. మా ఊళ్ళో పెద్దమ్మవారు పోసిన ఏడు, మా బావ తెనాలి నుంచి కాంపౌండరును బండి కట్టించి తీసుకొచ్చాడు. సూది వేసిన రెండో రోజున పెద్దవాడు, అయిదో రోజున చిన్నవాడు పోయారు. సూది వేయకపోయినా పోయేవాళ్ళే. ఆ మాట ఆవిడతో ఎవరూ అనలేదు. మా బావ కూడా అనకుండానే పోయాడు. నా భార్య జానకి పోయాక అక్క మా ఇంటికి వచ్చింది. కామాక్షిని నాలుగేళ్ళుగా చూస్తున్నది ఆవిడే.

ఇవన్నీ తెలిసే చెబుతున్నాను. నేను క్షమించలేదు.

పెట్టె బద్దలు కొట్టడానికి టైము లేదు. కామాక్షిని దుప్పటితో సహా ఎత్తుకున్నాను. ఒళ్ళు కాలిపోతోంది. వసారాలోకి వచ్చేసరికి పక్క వాటా యాదవ్వ అడ్డం వచ్చింది. ఆవిడ మొగుడు పెంటయ్య మా పార్సిల్ ఆఫీసులోనే హమాలీ.

"ఏడికి సార్? తల్లి దిగినంక తీస్కపోరాదున్రి. మా పూలమ్మకు గిట్లనే పోసింది. తొమ్మిదో దినం నీళ్ళు పోసినం. ఇప్పుడు గా పొల్ల మంచిగ ఆడుకుంట లేదా?"

ఆ పూలమ్మ వాళ్ళ గడప మీద కూర్చుని అటుకులు తింటోంది. బుగ్గల మీద పొట్టు రాలిన మచ్చలు. నేను ఆ పిల్లవైపు ఒకసారి చూసి దాటి వెళ్ళాను.

అక్క వెనకాల రాలేదు. గుమ్మం లోపలే నిలబడి, "ఎండలో తీసుకెళ్ళకురా, కోదండం," అంది. అదీ గుసగుసగానే.

సందు మొదట్లో సాయన్న రిక్షా ఉంది. కామాక్షిని చూశాడు. ఏమీ అడగలేదు. చెప్పులు విడిచి సీటు కింద పెట్టాడు. మేం ఎక్కాక తను ఎక్కలేదు. హ్యాండిల్ పట్టుకుని పక్కన నడవడం మొదలుపెట్టాడు.

ఎక్కి తొక్కమన్నాను.

"తొక్క సార్. తల్లికి ఈపు పెట్టి కూసుంటనా? గుంజుకపోత."

పిల్ల ప్రాణం మీదికి వచ్చిందన్నాను.

"గందుకే సార్," అన్నాడు.

పరుగెత్తాడు. ఏప్రిల్ ఎండలో తారు మెత్తబడి ఉంది. స్టేషన్ రోడ్డు మీద బస్సులు హారన్లు కొడుతుంటే పక్కకు తీసి మళ్ళీ పరుగెత్తాడు. ఎంత పరుగెత్తినా తొక్కినంత జోరు రాదు. పది నిమిషాల దారికి అరగంట పట్టింది. ఆ అరగంట నేను అతన్ని తిడుతూనే ఉన్నాను. ఆబిడ్స్ పోస్టాఫీసు వెనక సందులో నర్సింగ్ హోం ముందు దించి, కామాక్షికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. అతని అరికాళ్ళు ఏమయ్యాయో నేను చూడలేదు.

డాక్టరు శ్రీపతి నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ముందు పిల్ల కళ్ళు చూశాడు, కడుపు నొక్కి చూశాడు, ఛాతీ మీద చాలాసేపు విన్నాడు. తర్వాత పుస్తకం అడిగాడు.

తేలేదని చెప్పబోతున్నాను. కామాక్షి దుప్పట్లోనుంచి చెయ్యి బయటికి తీసింది. చేతిలో పుస్తకం ఉంది. థర్మామీటరు కూడా ఉంది. అత్తయ్యకు కనబడకుండా దిండు కింద దాచుకుందట.

అదే చూసుకుంది. అదే రాసుకుంది. డాక్టరు చదివి పుస్తకం నా చేతికిచ్చాడు.

గురువారం. పొద్దున 99. వీపు మీద మూడు పొక్కులు. మాత్ర అత్తయ్య వద్దంది.

శుక్రవారం. 101. పొక్కులు చాలా. మాత్ర లేదు.

శనివారం. 102. మధ్యాహ్నం 103. మాత్ర లేదు. నాన్న ఎప్పుడొస్తాడో అత్తయ్యకు తెలియదుట.

ఆదివారం అంకె లేదు. పెన్సిలు గీత ఒకటి వంకరగా కిందికి పోయింది.

ప్రతి రోజూ చివర సంతకం పెట్టడానికి నేను గీసిచ్చిన గీత అలాగే ఖాళీగా ఉంది. అక్కడ నేను సంతకం పెట్టాలి. పదిహేను రోజుల గీతలు ఖాళీ.

డాక్టరు నన్ను వరండాలోకి తీసుకొచ్చాడు.

"ఇంకో పిల్లకయితే వారంలో ఎండిపోయేదండీ ఇది. ఈ మాత్రలు తినే ఒంట్లో ఎదురుతిరిగే సత్తువ ఉండదు. పొక్కు పైన ఆగదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది, లివర్లోకి పోతుంది. పోనీ మాత్ర ఆపితే ఆగుతుందా అంటే, అలవాటైన మందు ఒక్కసారి ఆపితే ఒళ్ళే కుప్పకూలుతుంది. రెండూ కలిశాయి ఇప్పుడు."

బతుకుతుందా అని అడిగాను.

ఆయన మెడలోంచి స్టెతస్కోపు తీసి చేత్తో పట్టుకున్నాడు. అమెరికాలో చిన్నపిల్లలకు లివరే తీసి ఇంకొకరిది పెట్టి చూస్తున్నారని చెప్పాడు. "కోత కుదురుతోందట. తర్వాత పిల్లల్ని తీసుకుపోయేది కత్తి కాదండీ, ఇటువంటి అంటుజ్వరాలే. అంత చదువుకున్నవాళ్ళు కూడా చేసే పని మీ అమ్మాయి చేసిందే. రోజూ చూడటం, రాయటం, చెప్పటం. మీ అమ్మాయి చూసింది, రాసింది. చెప్పడానికి ఎవరూ లేరు దానికి."

పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాను.

"ఎక్కడ అంటింది? పక్కన ఎవరికైనా పోసిందా?"

పక్క వాటాలో పిల్లకు పోసిందట అన్నాను. నేను తాండూరులో ఉన్నాను, నాకు తెలియలేదన్నాను.

"ఆ పిల్లకు పోసిన రెండు మూడు రోజుల్లో తెలిస్తే బొంబాయి నుంచి సూదిమందు తెప్పించి చూసేవాణ్ణి. కనీసం ఇక్కడ ఉంచుకునేవాణ్ణి." ఆగి అడిగాడు. "మీకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?"

లేదన్నాను.

"అయితే గదిలోకి రావద్దు. ఇప్పటికే ఎత్తుకొచ్చారు, మీకు వస్తుందో రాదో పదిహేను రోజుల్లో తెలుస్తుంది. నా దగ్గర ఇంకా ముగ్గురు పిల్లలున్నారు. పోసినవాళ్ళే ఆ గదిలో మసలాలి."

నర్సు కమలకుమారికి చిన్నప్పుడు పోసిందట. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను.

తలుపుకు పైన అద్దం ఉంది. నిలబడితే మంచం కోడు, కామాక్షి పాదాలు కనబడతాయి. నిలబడ్డాను. పాదాలు చూశాను. మళ్ళీ కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద పాలడబ్బా వాళ్ళ క్యాలెండరులో బొద్దుపిల్ల ఒకటి నవ్వుతోంది. నాతో మాట్లాడినవాళ్ళు లేరు. మాట్లాడించాలని నాకూ లేదు.

నాలుగు గంటలకు నర్సు బయటికి వచ్చింది.

మాత్ర మింగడం లేదంది. రెండుసార్లు ఉమ్మేసింది. మూడోసారి పళ్ళు బిగించింది. నీళ్ళల్లో నూరి పోస్తే ముక్కు మూసుకుంది. సూదికి నరం దొరకడం లేదు, చేతులనిండా పొక్కులే. డాక్టరుగారు ఒకటి ఎలాగో ఎక్కించారు గాని రెండోది కష్టమంది.

ఎందుకు మింగదని అడిగాను.

"మింగితే తల్లికి కోపం వస్తుందటండీ. వాళ్ళ అత్తయ్య పిల్లల్నిద్దర్నీ అట్లాగే తీసుకుపోయిందట. ఈసారి అత్తయ్యను తీసుకుపోతుందట. అత్తయ్య వచ్చి మింగమంటేనే మింగుతుందట."

నేను మెట్ల దగ్గరికి వచ్చాను. అక్క అక్కడే ఉంది.

ఎప్పుడు వచ్చిందో తెలియదు. నాంపల్లి నుంచి ఆ ఎండలో నడిచి వచ్చింది. ముంతలో మజ్జిగ తెచ్చింది, మీద వేపరెమ్మ పెట్టింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు కనుక మెట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

నాకు అప్పుడు నర్సు మాట గుర్తులేదు. ఆ ముంతే కనబడింది.

"రేపటి బండికి ఊరెళ్ళిపో," అన్నాను.

"ఊళ్ళో ఎవరున్నార్రా నాకు?"

"నాకు తెలియదు. నా ఇంట్లో ఉండడానికి వీల్లేదు."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ముంత మీది వేపరెమ్మ సర్దింది.

"ఎట్లా ఉంది పిల్ల?"

"మాత్ర మింగడం లేదు. నువ్వు చెప్పిన కథ విని నోరు బిగించుకుంది. నువ్వు చస్తావని దానికి భయం."

అక్క తల దించుకుంది. సందు చివర డబుల్ డెక్కరు ఒకటి మలుపు తిరిగి వెళ్ళింది.

"నేను ఆపానురా. కాదనను," అంది. "మరి నువ్వు?"

"నేనేం చేశాను?"

"పూలమ్మకు పోసింది నువ్వెళ్ళడానికి రెండు రోజుల ముందు. యాదవ్వ వచ్చి పిల్లను పంపకండమ్మా అని చెప్పినప్పుడు నువ్వు అన్నం తింటున్నావు. విన్నావు. డాక్టరుకు చెప్పొద్దట్రా అని నేనే అడిగాను. వచ్చాక చూద్దాంలే అన్నావు."

నేను ఒక మెట్టు దిగి సందువైపు తిరిగాను.

"నాకు సూదులన్నా మందులన్నా పడదు. అయినా అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు." కొంగుతో మెడ తుడుచుకుంది. "తాండూరుకు ఆఫీసువాళ్ళు పంపారని చెప్పావు. పెంటయ్య అట్లా చెప్పలేదు. వెళ్ళాల్సినవాడు ఇంకొకడట. నువ్వే మీ ఆఫీసు పెద్దాయన చేతులు పట్టుకుని అడిగి వేయించుకున్నావట."

అది నిజం.

ఎందుకంటే చెప్పలేను. ఇంట్లో ఎప్పుడు చూసినా థర్మామీటరు. ఎప్పుడు చూసినా ఆ ఉబ్బిన మొహం, రాత్రి ఎంత ఉందో పొద్దున ఎంత ఉందో. ఈ ఏడాదిన్నరగా నేను ఒక్క రోజు కూడా ఎవరి జబ్బూ చూడకుండా నిద్ర లేవలేదు. పదిహేను రోజులు ఎవరి నుదురూ పట్టుకుని చూడకుండా బతుకుదామనుకున్నాను. తాండూరులో నాపరాళ్ళ లారీలు, పార్సిల్ గది, ఒక మంచం. బాగానే ఉండింది. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడనిది. బాగానే ఉండింది.

అక్క లేచి నిలబడింది. మోకాళ్ళు పట్టేశాయి, గోడ పట్టుకుంది.

"నాకు చిన్నప్పుడు పోసింది. నన్ను లోపలికి రానిస్తారా?"

రానిస్తారన్నాను.

"మాత్ర నేను వేస్తాను. కాని ఒక్క మాట. నా చేత్తో వేశానని ఎక్కడా అనకు. ఊళ్ళో అనకు, యాదవ్వతో అనకు. నాతో కూడా అనకు. నేను బతికినన్నాళ్ళూ ఆ మాట నాకు వినబడకూడదు."

సరేనన్నాను.

"నీ తాండూరు సంగతి నేనూ అనను."

దానికి సరే అనలేదు. ఆవిడా అడగలేదు. మజ్జిగ ముంత మెట్టు మీదే పెట్టి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళింది. నర్సు తలుపు తీసి మళ్ళీ వేసింది.

నేను అద్దం దగ్గర నిలబడ్డాను. ఇప్పుడు పాదాలకు అడ్డంగా అక్క వీపు కనబడింది. తెల్లచీర చెమటకు వీపుకు అంటుకుపోయి ఉంది. మాటలు తలుపు సందులోంచి వినబడ్డాయి.

"తల్లికి కోపం రాదా అత్తయ్యా?"

డబ్బాలోంచి మాత్ర తీసిన చప్పుడైంది. గ్లాసులో నీళ్ళు పోసిన చప్పుడైంది.

"వస్తే నా మీద చూపించమని మొక్కుకున్నానమ్మా. ఒప్పుకుంది. నోరు తెరువు."

ఆ తర్వాత చప్పుడు లేదు. కొంతసేపటికి అక్క వీపు వణకడం చూశాను. చూడకూడదని పక్కకు వచ్చేశాను.

చీకటి పడేముందు డాక్టరు వచ్చి వెళ్ళాడు. మాత్ర లోపల నిలిచిందన్నాడు. ఛాతీలో చప్పుడు మాత్రం తనకు నచ్చలేదన్నాడు. బుధవారం దాటితే మాట్లాడుకుందామన్నాడు. పుస్తకం నా దగ్గరే ఉంచుకోమన్నాడు. లోపలినుంచి నర్సు అంకె చెబుతుంది, బయట నేను రాయాలి.

మొదటి అంకె చెప్పింది. నూటమూడు, మీద నాలుగు. రాశాను. పక్కన మాత్ర వేసుకుందని రాశాను. ఎవరు వేశారో రాయలేదు. చివరి గీత మీద సంతకం పెట్టాను.

తలుపు అవతల అక్క ఏదో పాడుతోంది. మా అమ్మ మాకు పాడినదే. నాకు లోపలికి వెళ్ళే వీలు లేదు. రేపటి బండికి వెళ్ళమన్న మాట నేను వెనక్కి తీసుకోలేదు. ఆవిడ కూడా ఆ సంగతి అడగలేదు.

అక్కకు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటాను. తాండూరు గురించి నేను ఎవరికీ మాట ఇవ్వలేదు. అయినా దాన్ని గురించి ఇంక ఎవరితోనూ మాట్లాడను. కామాక్షి లేచి కూర్చుని, ఎందుకు వెళ్ళావు నాన్నా అని అడిగినా సరే, మాట్లాడను.